స్వతంత్ర రచయిత యెవనికి స్వతంత్రుడు?

గత నెలలో మా పఠనాలయమున నొక చర్చ జరిగినది. ఇంగ్లీషు నవలలు విరివిగ చదువు పెద్దమనుష్యు డొకరు, అమెరికాలో నొక రచయిత ప్రచురణకర్తల నాశ్రయింపకయే పాఠకులవలన సూటిగ నాలుగుకోట్ల డాలర్లకు పైగా గడించెనని చెప్పి, రచయితలకు దాస్యవిముక్తి కలిగినదనియు, ఇకమీద నేడ్చువాడు చేతకానివాడే యనియు తీర్మానించిరి. వారి ప్రక్కనే కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులు పత్రిక మడచి బల్లపై పెట్టి, "సొంత ఖర్చుతో అచ్చువేసికొన్నది కూడ నవలయేనా? అందులోను మాంత్రికులు, రాక్షసులు, ఆకాశమున నెగురు సింహములు!" అని చప్పరించిరి. ఈ రెండు మాటలును మన పట్టణములలో తఱచుగ వినబడుచున్నవి. రెండును తప్పే. మొదటి తప్పువలన రచయితకు నష్టము; రెండవదానివలన మనకే నష్టము.

ముందుగ ఉపాధ్యాయులవారికి సమాధానము. అద్భుత నవల యనగా నోటికి వచ్చినదెల్ల వ్రాయుట యని వారి యభిప్రాయము. నిజ మిందుకు విరుద్ధము. బెజవాడను గూర్చి వ్రాయువాడు కృష్ణ యెటు పాఱునో చెప్పనక్కఱలేదు; పాఠకునికే తెలియును. లేని దేశమును గూర్చి వ్రాయువాడు నదిని తానే త్రవ్వవలెను, దానికి పల్లమును తానే చూపవలెను. గుఱ్ఱము దినమునకెన్ని యామడలు పోగలదో యొకమాఱు చెప్పిన పిమ్మట, మూడువందల పుటలు గడచిన తరువాత నాయకుడు తొందరలో నున్నాడని దానిని రెట్టింపు పరుగెత్తింప వీలులేదు. ఆ నగరమున పన్ను విధించువా రెవరు, తీర్పు చెప్పువా రెవరు, వానలు లేని యేట జనులేమి తిందురు? ఇవి గ్రంథమున కనబడకపోవచ్చును గాని రచయితకు తెలియకున్నచో పాఠకుడు పసిగట్టితీరును. మాయకును శాసనమున్నది. మంత్రముచే నేమి సాధ్యమో పాఠకునికి ముందుగ బోధపడినంత మేరకే, ఆ మంత్రముతో చిక్కు విప్పు నధికారము రచయితకుండునని బ్రాండన్ శాండర్సన్ అను అమెరికా నవలాకారుడు 2007లో నొక సూత్రము ప్రతిపాదించెను. న్యాయవాదినగుటచే నా కది మిక్కిలి నచ్చినది. దావాలో నెచటను పేర్కొనని దస్తావేజును వాదనలనాడు జేబులోనుండి తీయువానిని ఏ మునసబు సహించును?

ఇది పరదేశపు విద్య యనుకొనుటయు పొరపాటే. పదునాఱవ శతాబ్దమున పింగళి సూరన పురాణముల జోలికి పోక, కథనంతను తానే కల్పించి 'కళాపూర్ణోదయము' రచించెను. అందు మణిస్తంభుడు సింహము నెక్కి ఆకాశమార్గమున సంచరించుచున్నాడు. ఉపాధ్యాయులవారు విద్యార్థులకు దశాబ్దములపాటు దేనిని ప్రబంధరత్నమని బోధించిరో, దానిలోని సింహమునే యిప్పు డీసడించుచున్నారన్నమాట! ఆ కావ్యమున ముందు జరిగినదానికి కారణము వెనుక నెప్పుడో బయటపడును. పాఠకుడు మొదటి యాశ్వాసమునకు తిరిగి పోవలసి వచ్చును. నేటి అద్భుత నవలాకారుడు దినదినము పడు పాటు ఇదియే. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) కాశికి పోవు యతిచేత మజిలీకొక కథ చెప్పించి పండ్రెండు భాగములు నింపెను. మన తాతలు వానిని దీపపు వెలుతురున చదువుకొనిరి. అది పిల్లల కాలక్షేపమని వారికి తోచలేదు.

స్వతంత్ర రచయితకు కల్పనతో పని ముగియదు. ప్రతి దిద్దుట, అక్షరముల కూర్పు, ముఖచిత్రము, దేశపటము, ధర నిర్ణయము, ప్రకటన, లెక్కలు, ప్రచురణ సంస్థలో పదిమంది చేయు నీ పనులన్నియు నాతడొక్కడే చేయవలెను. లేదా సొంత సొమ్మిచ్చి చేయింపవలెను. మాంటానా రాష్ట్రమున క్రిస్టఫర్ పావొలీనీ యను బాలుడు పదునైదవ యేట 'ఎరగాన్' అను నవల నారంభించెను. ఒక యేడు వ్రాసి, మఱియొక యేడు తిరుగ వ్రాసి, తల్లిదండ్రులతో కూర్చుండి సవరించి, 2002లో ఇంటి ప్రచురణగ వెలువరించెను. ముఖచిత్రమును, పటమును తానే గీచెను. పిమ్మట మధ్యయుగపు వేషము ధరించి, పాఠశాలలు గ్రంథాలయములు తిరిగి, నూటికి పైగా ప్రసంగములు చేసి ప్రతులమ్మెను. 2003లో గాని పెద్ద సంస్థ దానిని చేపట్టలేదు. మన హరిదాసులకు, బుఱ్ఱకథ దళములకు ఈ బ్రతుకు తెలియనిది కాదు. మైకేల్ సల్లివన్ అను నింకొకడు ఆఱు నవలల కథను మొదటినుండి చివరివఱకు వ్రాసి ముగించిన తరువాతనే మొదటి నవలను బయట పెట్టెను. వ్యాపారపు భారమంతయు భార్య వహించినది. ఆఱింటిని ముందే వ్రాయుటవలన లాభమేమన, ఐదవదానిలో కావలసిన తాళపుచెవిని మొదటిదానిలోనే గోడకు తగిలింపవచ్చును. ఆ యేండ్లలో ఇల్లు గడచుట యెట్లు? ఆ ప్రశ్నకు ఏ సూత్రమును లేదు.

గుణమున్నచో నదే వెలుగులోనికి వచ్చునని సుఖాసీనులు చెప్పుచుందురు. జోసయా బాంక్రాఫ్ట్ కథ వినుడు. ఆతడు 2013లో 'సెన్లిన్ అసెండ్స్' అను నవలను తానే ప్రచురించుకొనెను. పెండ్లియైన క్రొత్తలో భార్యతో మహాగోపురమును చూడవచ్చిన బడిపంతులు, ఆమె జనసమ్మర్దమున తప్పిపోగా వెదకుకొనుచు అంతస్తు తరువాత అంతస్తు ఎక్కుట కథ. పుస్తక మెవరికిని పట్టలేదు. 2015లో మార్క్ లారెన్స్ అను బ్రిటిషు రచయిత స్వయంప్రచురిత అద్భుత నవలల కొక పోటీ నేర్పాటు చేసెను. మఱుసటి యేడు దానికి మూడువందల పుస్తకములు వచ్చినవి. పదిమంది సమీక్షకులకు తలకు ముప్పది పంచిపెట్టి, ఒక్కొక్కరు ఒక్కొక్క దానిని తుదివిడతకు పంపునట్లు నియమించిరి. బాంక్రాఫ్ట్ నవల మొదటి విడతలోనే త్రోసివేయబడినది. తరువాత లారెన్స్ దానిని చదివి, పది మందికి చాటగా, 2018లో ఆర్బిట్ సంస్థ ప్రచురించినది. నేడు దానిని మెచ్చువారు దేశదేశముల నున్నారు. ఒక్కడు చదువుటవలన బ్రదికిన పుస్తకమిది. తక్కిన రెండువందల తొంబదితొమ్మిదింటిలో అట్టి యొక్కడు దొరకనివి యెన్నియో!

ఇక మొదటి పెద్దమనుష్యుల నాలుగు కోట్లు. వారు చెప్పిన రచయిత పైన పేర్కొన్న శాండర్సనే. ఆతడు 2022 మార్చిలో, తాను రహస్యముగ వ్రాసియుంచిన నాలుగు నవలలను ముందుగా సొమ్ము చెల్లించువారికి అమ్ముదునని ప్రకటింపగ 1,85,000 మందికి పైగా చందాదారులైరి. 4 కోట్ల 17 లక్షల డాలర్లు వసూలైనవి. నిజమే. కాని ఆతని తొలి నవల 2005లో అచ్చైనది. అప్పటినుండి పదునేడేండ్లు పెద్ద ప్రచురణ సంస్థలే ఆతని పుస్తకములను అంగడి అంగడికి చేర్చినవి. రాబర్ట్ జోర్డన్ గతించిన పిమ్మట అసంపూర్ణముగ మిగిలిన ఆతని మహాకథను ముగించు భారము తనకు దక్కగా, ఆ పాఠకులును తనవారైరి. అంతకుముందు హోటలులో రాత్రి గుమాస్తాగ పనిచేయుచు నవల తరువాత నవల వ్రాసెను. మొదటి నవల అమ్ముడగునాటికి ఆతడు పదుమూడవదానిని వ్రాయుచుండెను. గోదావరి నీదినవా డొకడున్నాడని రేవులలో పడవలెత్తివేయుదుమా?

సామాన్య స్వతంత్ర రచయిత బ్రతుకు వేఱు. ఆతని అంగడి యొక్కటే, దానిపేరు అమెజాన్. 2007లో కిండిల్ యంత్రముతో కూడ ఎవరైనను తమ పుస్తకమును తామే అమ్మకమునకు పెట్టుకొను వీలును ఆ సంస్థ కల్పించినది. ఇది మేలు చేయలేదని నేననను. అంతకుముందు పెట్టెలో చెదలు తినిన వ్రాతప్రతులు ఒక రాత్రిలో లోకము ముందు నిలిచినవి. కాని పత్రములోని షరతులు చదువుట నా వృత్తి. 2010 నుండి, ధర 2.99 డాలర్లకు 9.99 డాలర్లకు నడుమ నున్నచో రచయితకు నూటికి డెబ్బది పాళ్ళు; కాకున్న ముప్పదియైదు. డెబ్బది పాళ్ళలోనుండియు పుస్తకము చేరవేయు ఖర్చని పరిమాణమునుబట్టి తగ్గింపు గలదు. నెలసరి చందాదారులు చదువు పథకమున చేరవలెనన్న, తొంబది దినములు ఆ ఎలక్ట్రానిక్ పుస్తకమును మఱియెచటను అమ్మరాదు. గడువు ముగియునాటికి వద్దని చెప్పనిచో కౌలు దానంతటదే మఱి తొంబది దినములు సాగును. ఆ పథకమున 2015 జూలై మొదలు చదివిన పుటల లెక్కన చెల్లింపు. పుటకెంత? నెల గడచిన పిమ్మట సంస్థయే మొత్తము నిర్ణయించి ప్రకటించును. కోత ముగిసినతరువాత కొలపాత్రను కొలిపించుకొను జమీందారు మనకు క్రొత్తవాడు కాడు.

మన దేశమునకు సంబంధించిన షరతొకటి యున్నది. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఒక ప్రతి అమ్ముడైనచో, రచయిత ఆ యేకాంగడి నియమమునకు లోబడకున్నను డెబ్బది పాళ్ళు పొందగలడు. అదే పుస్తకమును భారతదేశమున నొకడు కొనినచో, రచయిత ఆ నియమమున చేరియున్నగాని డెబ్బది రాదు; లేకున్న ముప్పదియైదే. లండనులోని పాఠకుని ద్వారా స్వేచ్ఛ గలవాడు గుంటూరు పాఠకుని ద్వారా కట్టుబడవలెను. 2016 డిసెంబరులో ఆ సంస్థ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకములను ఆడంబరముగ ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము ఎన్నుకొనెను. అయిదు భాషలు. కోట్లమంది మాటలాడు తెలుగు ఆ పంక్తిలో లేదు. దానికి మనవారిలో నెంతమంది బాధపడిరి? ఆ విషయ మెఱిగినవారే యరుదు.

అన్నిటికంటె గొప్ప లోపము ధరలో లేదు. తన పుస్తకమును కొన్నవా రెవరో రచయితకు తెలియదు. వారి పేళ్ళు, చిరునామాలు అంగడివానివి. రేపు లెక్క మూతపడినచో, పదేండ్లలో సంపాదించిన పాఠకులను ఆతడు పలుకరించుటకైన దారిలేదు. అట్టివానిని స్వతంత్రుడనుట యెట్లు? ఆతడు కౌలుదారు. పూర్వపు కౌలుదారునికి పక్క పొలమువా డెవడో యైనను తెలిసియుండెడిది.

అయినచో దేశీయ ప్రచురణకర్తలు మేలా? ఇందును గూర్చి నా బల్లమీదికి వచ్చిన వ్యవహార మొకటి చెప్పెదను. మా జిల్లా యువకు డొకడు, పగలు ఉద్యోగము, తెల్లవాఱుజామున వ్రాత, నాలుగేండ్లు శ్రమించి నొక జానపద నవల పూర్తిచేసెను. కొండవీటి ప్రాంతపు వాగులు వంకలు చూచి కల్పించిన రాజ్యము; వానదేవతతో చేసికొన్న ఒడంబడికను ప్రజలు మఱచిపోగా నేమి జరుగునో కథ. నేను చదివితిని. నడుమ కొంత సాగదీసినాడు గాని చివరి నూఱు పుటలు నన్ను కోర్టు కాగితములు ముట్టనీయలేదు. స్వయంప్రచురణకు తోడ్పడుదుమని చెప్పు సంస్థ యొకటి ఆతనికొక పత్రము పంపినది. ముద్రణవ్యయమంతయు రచయితదే. హక్కులు మాత్రము సంస్థవి: సమస్త భాషలలో, సమస్త దేశములలో, చలనచిత్రముతో సహా, శాశ్వతముగ. ఆదాయములో పాలు నికరమునుండి. ఆ నికరమును లెక్కకట్టువారు వారే. లెక్కలు చూపవలెనను నిబంధన లేదు. ఆ యువకుడు సంతకము చేయుటకు ముందు నాయొద్దకు వచ్చినది సలహాకు గాదు, సాక్షి సంతకమునకు!

మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము రచయితకు శత్రువు కాదు. హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగ, సంతకముతో నుండవలెను. కాలము వ్రాయనిచో అయిదేండ్లకే పరిమితము. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమునకే. తీసికొన్న హక్కును ఒక యేడాదిలో వినియోగింపనిచో, పత్రములో వేఱు విధముగ లేకున్న, అది రచయితకే తిరిగి వచ్చును. ఇంకను పుట్టని మాధ్యమమునకు, దానిని ప్రత్యేకించి పేర్కొన్నగాని బదిలీ చెల్లదని 2012 సవరణ చెప్పుచున్నది. ఇన్ని కవచములు తొడిగిన రచయిత, తనచేతితోనే ఒక్కొక్కటి విప్పి, అచ్చులో పేరు చూచుకొను నాశతో అప్పగించుచున్నాడు. "శాశ్వతముగ" అను మాటను మూడేండ్లుగ మార్పించుటకు నాకు రెండు ఉత్తరములు మాత్రమే పట్టినవి. చలనచిత్రపు నిబంధన మూడవ యుత్తరమునకు పోయినది. అడుగువాడు లేకయే ఆ పత్ర మట్లుండెను.

పేరు సంగతి వచ్చినది గనుక దాసరి సుబ్రహ్మణ్యముగారిని తలంపక తప్పదు. 1954లో 'తోకచుక్క' మొదలుకొని, 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' — 'చందమామ' మాసపత్రికలో ఆ ధారావాహికలు చదువని తెలుగువాడు ఆ తరమున నుండడు. నెలనెల ఆ చిత్రకారుని బొమ్మకొఱకు, ఈ కథకుని మలుపుకొఱకు పిల్లలు తపాలావాని కెదురుపోయిరి. ఆ కథలు పలుభాషలలోనికి మార్చబడి దేశమంతట తిరిగినవి. వానిపై రచయిత పేరు లేదు! అర్ధశతాబ్దము పనిచేసి 2006లో విరమించి, 2010లో గతించిన ఆ మనుష్యుని, ఆయన కథలతో పెరిగినవారు వృద్ధులగుచున్న వేళ వెదకి పట్టుకొనవలసి వచ్చినది. ఆయన జీతమునకు వ్రాసెను గదా యందురు. చట్టమేమనుచున్నది? పత్రికోద్యోగి పత్రికకొఱకు వ్రాసినదానిపై పత్రికలలో ప్రచురించు హక్కు మాత్రమే యజమానిది. వేఱు ఒప్పందము లేనిచో తక్కిన విషయములన్నిట తొలి హక్కుదారు రచయితయే. హక్కు నమ్ముకొన్నవాడు సైతము 'ఇది నేను వ్రాసితిని' అని చెప్పుకొను హక్కును 57వ సెక్షను కాపాడుచున్నది. నే నా పత్రికను దూషించుటలేదు. అది నా బాల్యము. కాని మనకంత యానందమిచ్చినవాని పేరు మన మడుగలేదు. అందుకు చట్టమేమి చేయును?

ఇప్పుడు యంత్రములును రంగమున దిగినవి. 2023 సెప్టెంబరులో అమెజాన్ ఒక్కొక్కరు దినమునకు మూడు క్రొత్త పుస్తకములకు మించి ఎక్కింపరాదని హద్దు విధించినది. దినమునకు మూడు! యంత్రము వ్రాసిన చిట్టునడుమ నాలుగేండ్ల ధాన్యమును ఏ పాఠకుడు వెదకి తీయును? ఆ యంత్రములకు చదువు చెప్పుటకై చౌర్యప్రతులను సేకరించినందుకు ఆంథ్రోపిక్ అను సంస్థపై అమెరికా రచయితలు దావా వేసిరి. 150 కోట్ల డాలర్ల రాజీకి 2025 సెప్టెంబరులో న్యాయస్థానము ప్రాథమికామోద మిచ్చినది. పుస్తకమునకు సుమారు మూడువేల డాలర్లు. కాని గడువులోపల అమెరికా కాపీరైటు కార్యాలయమున నమోదైన పుస్తకములకే ఆ పరిహారము. పెద్ద సంస్థలు ఆ నమోదును వాడుకగ చేయించును. రాత్రి ముఖచిత్రము, పగలు ప్రకటన, నడుమ నవల చూచుకొను నొంటరి రచయితకు అది జ్ఞాపకముండదు. హక్కుండియు ఆ వరుసలో నిలువలేనివారు వారే. అమెరికాలో అమ్మదలచిన మన రచయితలు ఈ సంగతి గుర్తుంచుకొని, రుసుము చెల్లించి, రసీదు దాచుకొనుట మంచిది.

నే నీ రచయితలను అంగడి విడిచి అడవికి పొమ్మనుటలేదు. పెద్ద యంగడిలో నమ్ముడు. కాని పుస్తకపు చివరిపుటలో మీ చిరునామా అచ్చువేసి, పాఠకుని జాబు మీయొద్దకే రప్పించుకొనుడు. తొంబది దినముల కట్టుబాటుకు లోబడుటకు ముందు లెక్క వేసికొనుడు. హక్కులను ఒక్కొక్క దానినిగ, ఒక్కొక్క గడువునకు ఇండు. బెజవాడలో జనవరిలోను, హైదరాబాదులో డిసెంబరులోను జరుగుచు వచ్చిన పుస్తక ప్రదర్శనములలో నలుగురు కలసి యొక బల్ల అద్దెకు తీసికొనుడు. ఇవి గొప్ప మాటలు కావు.

నా అసలు ఫిర్యాదు మన పఠనాలయములపైననే. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము నెలకొల్పినవారు ఊరూర పుస్తకమును చేర్చుటకు తమ కాళ్ళనరుగదీసికొనిరి. నేడు ఇంటిపన్నుతోపాటు మనము గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నాము. ఆ సొమ్ముతో కొన్న పుస్తకముల పట్టికను ఎవరైన నడిగి చూచితిరా? మా పఠనాలయపు బీరువాలలో గడచిన అయిదేండ్లలో ఈ జిల్లా రచయిత స్వయముగ ప్రచురించుకొన్న నవల యొక్కటియు చేరలేదు. నేను స్వయముగ దస్త్రము తిరుగవేసితిని. పైగా ఒక సభ్యుడు కొన్న పుస్తకమును పుటపుట ఫొటో తీసి నూఱుమందికి పంచుచు, దానికి సాహిత్యసేవ యని పేరు పెట్టుచున్నాడు. అయిదువందల ప్రతులు వేసినవానికి నూఱు ప్రతులు పోయినచో నేమగునో ఆ సేవకుడు లెక్క కట్టెనా?

ఆ యువకుని నవల గతవారము అచ్చునుండి వచ్చినది. రెండు ప్రతులు నేను కొని పఠనాలయమున కిచ్చితిని. ఒకటి ఉపాధ్యాయులవారు తీసికొనిపోయిరి. ఇది దానము; నాకు కావలసినది నియమము. సంవత్సరమున కొనుగోలుకు కేటాయించు సొమ్ములో పదియవ వంతు ఈ జిల్లా రచయితలు సొంతముగ ప్రచురించుకొన్న పుస్తకములకు, పూర్తి ధరకు, వ్యయపఱుపవలెనని వచ్చు నెల పాలకవర్గ సమావేశమున నేను తీర్మానము పెట్టుచున్నాను. వ్యతిరేకించువారు కారణములతో రావలెను.